దయ్యము చెప్పిన సాక్ష్యము

మా పాఠశాలకు పోవు త్రోవలో చిరకాలముగా పాడుపడియున్న యిల్లొకటి కలదు. పగటివేళ దాని యరుగులమీద మేకలు పండుకొని నెమరు వేయుచుండును. ప్రొద్దు గ్రుంకగానే బాలురు పదుగురచట చేరి, గుమ్మము దాక నెవడు పోగలడు, తలుపెవడు తట్టగలడు అని యొకరినొకరు రెచ్చగొట్టుకొనుచుందురు. ఒంటరిగా నున్నపుడు వారందఱును ఆ త్రోవ విడిచి చుట్టు తిరిగి పోవువారే. నలుగురు కూడినపుడు మాత్రము ఆ భయమే వారికి వేడుక యగుచున్నది. వారిని మందలింపబోయి మేమును ఒకనాడు కొంతసేపు నిలిచి విని, నవ్వుకొని, ఏమియు ననక వచ్చితిమి.

పిల్లలను మాత్రమే యననేల? పెద్దలును ఇట్లే చేయుచున్నారు. ఇంగ్లండులోని యార్కు నగరమున 1973 మొదలు రాత్రివేళ రుసుము పుచ్చుకొని జనులను పాతవీధుల వెంట నడపించుచు, ఏ యింట నే దయ్యము తిరుగునో చెప్పు వాడుక యేర్పడినది. స్కాట్లండులోని ఎడింబరో నగరమున 1788లో రాకపోకలకు తెఱచిన దక్షిణ వారధి క్రింద, కమానుల నడుమ, సూర్యరశ్మి సోకని గదులు పెక్కులున్నవి. ఒకప్పుడు చేతిపనులవారును, పిదప నిలువ నీడలేని పేదలును తలదాచుకొన్న యా గదులలోనికి నేడు దయ్యముల వేడుకకై జనులు గుంపులుగా దిగుచున్నారు. దయ్యములయం దాసక్తి గలవారు సంఘములుగా నేర్పడి, విందులు చేసికొనుటయు, పేరుమోసిన గృహములలో కలసి జాగరము చేయుటయు పలు నగరములలో జరుగుచున్నది.

ఇట్టి వేడుకల నెల్ల మాన్పవలెనని మేము వాదింపము. రాత్రి భోజనములైన పిదప అవ్వ దయ్యపు కథ చెప్పుచుండగా ఆమె కొంగు పట్టుకొని విననివారు మనలో నెందఱు? కథ కథగా నున్నంతవఱకు దానివలన నెవరికిని కీడు లేదు. కాని నలుగురు కూడి దయ్యమును పిలిచిన చోట, అది కథ చెప్పుటతో నూరకుండునా, లేక బ్రతికియున్న యొకని మీదికి వ్రేలు చూపునా? మా ప్రశ్న యిదియే. దీనికి సమాధానము చెప్పదగిన వృత్తాంతమొకటి 1762లో లండను నగరమున జరిగినది.

లండనులో సెయింటు పాలు మహాదేవాలయమునకు కొలది దూరమున, నాటి స్మిత్‌ఫీల్డు పశువుల సంతకు ప్రక్కగా, కాక్ లేను అను నిఱుకు సందు కలదు. అందొక చిన్న యింటిలో రిచర్డు పార్సన్సు అనువాడు భార్యతోను బిడ్డలతోను కాపురముండెను. సమీపమందున్న సెయింటు సెపల్కరు చర్చిలో గుమాస్తాగిరి యతని జీవనము. చూచుటకు మర్యాదస్థుడే గాని, త్రాగుడు వలన సంసారము గడచుట కష్టముగా నుండెను. 1759లో నితడు విలియం కెంటు, ఫానీ యను నిరువురకు తన యింటిలో గది యద్దె కిచ్చెను. వారు భార్యాభర్తలమని చెప్పుకొనిరి. వారి నడవడియు నట్లే యుండెను. కాని వారికి వివాహము జరుగలేదు. జరుగుటకు శాసనము సమ్మతింపలేదు.

ఆ సంగతి మన చదువరులకు వింతగా దోచును. కెంటు నార్ఫోకు మండలమునకు చెందిన వడ్డీ వ్యాపారి. అతడు మొదట ఫానీ సోదరియైన ఎలిజబెత్తును పెండ్లాడెను. ఆమె ప్రసవ సమయమున మరణించెను. పుట్టిన శిశువును కొలది కాలమునకే పోయెను. కష్టకాలమున నింటికి తోడు వచ్చిన ఫానీకిని అతనికిని అనురాగము కుదిరెను. మన దేశమున నైనచో భార్య గతించినవానికి ఆమె చెల్లెలి నిచ్చుట పెద్దలే కుదిర్చెడు సంబంధము. పిల్లలకు సవతితల్లి పోరు తప్పునని అందఱును మెచ్చుకొందురు. ఇంగ్లండు మతశాసనము ప్రకారము మాత్రము భార్య తోబుట్టువు మగనికిని తోబుట్టువే. కాబట్టి యట్టి వివాహము నిషిద్ధము. ఈ నిషేధమును తొలగించుచు 1907లో గాని అచటి పార్లమెంటు చట్టము చేయలేదు. నూటనలుబది యేండ్లకు పైగా ముందు పుట్టిన పాపమునకు ఫానీ తన పేరు మఱుగుపఱచుకొని, బంధువులను విడిచి, మహానగరమున నజ్ఞాతవాసము చేయవలసి వచ్చెను.

కెంటు తన యింటి యజమానునకు పండ్రెండు గినీలు అప్పిచ్చెను. నెల కొక గినీ చొప్పున తీర్చుటకు పార్సన్సు ఒప్పుకొనెను. ఆ దినములలోనే కెంటు ఒక పెండ్లికై పొరుగూరికి పోగా, ఒంటరిగా పండుకొనుటకు జంకిన ఫానీ, పార్సన్సు పెద్దకూతురగు ఎలిజబెత్తును తన ప్రక్కను పండుకొనబెట్టుకొనెను. ఆ పిల్లకు పది పదునొకండేండ్లుండును. రాత్రులందు గోడలోనుండియు మంచము చెంతనుండియు గీకుచున్నట్లును కొట్టుచున్నట్లును శబ్దములు వినవచ్చెను. మరణించిన తన సోదరియే కోపముతో వచ్చినదని ఫానీ భయపడినట్లు చెప్పుకొనిరి. మొదటి భార్య రెండవదానిని పట్టి పీడించునను భయము మన యిండ్లలో నెఱుగనిది కాదు. సముద్రముల కావలను మనుష్య హృదయ మొక్కటియే.

తరువాత నప్పు తీర్చుటలో తగవు పుట్టెను. కెంటును ఫానీయు వేఱొక యింటికి మారిరి. కెంటు బాకీకై వ్యాజ్యమునకు పూనెను. ఇంతలో గర్భవతియై యున్న ఫానీకి మశూచికము సోకెను. వైద్యుడును ఔషధ విక్రేతయు వచ్చి చూచిరి. 1760 ఫిబ్రవరి 2వ తేదీన ఆమె మరణించెను. క్లర్కెన్‌వెల్లులోని సెయింటు జాను చర్చి నేలమాళిగలో నామె శవపేటిక నుంచిరి. తాము భార్యాభర్తలమని చెప్పుకొన్నందుకు శిక్ష కలుగునేమో యను భయముచేత కెంటు ఆ పేటికమీద పేరు పలక నైనను పెట్టింపలేదు. ఆమె తన యాస్తిలో మిక్కిలి భాగము కెంటునకే వ్రాసిపెట్టుటచే ఆమె పుట్టినింటివారికి కంటగింపయ్యెను. కథకు కావలసిన సామగ్రి యంతయు నిక్కడ నొకచోట చేరినది: రహస్యమైన కాపురము, పేరులేని పేటిక, ఆస్తి తగవు, తీరని బాకీ. ఇక దయ్యము రాక మాత్రమే కొఱత.

రెండేండ్లకు, 1762 జనవరిలో, కాక్ లేను ఇంటిలో నా శబ్దములు మరల పుట్టెను. ఈ మారును అవి పార్సన్సు కూతురు ఎలిజబెత్తు పండుకొన్న చోటనే వినవచ్చెను. అప్పటి కామెకు పండ్రెండేండ్ల ప్రాయము. జాను మూరు అను మతబోధకుడు వచ్చి ఆ శబ్దములతో సంభాషించుటకు మార్గమేర్పఱచెను. ఒకమారు కొట్టిన ఔననియు, రెండుమారులు కొట్టిన కాదనియు నర్థము. ఇట్లు ప్రశ్నించగా, తాను ఫానీ ననియు, తనది సహజ మరణము కాదనియు, కెంటు పానీయములో పాషాణము కలిపి తన్ను చంపెననియు దయ్యము 'చెప్పెను'. కెంటును ఉరి తీయవలసినదేనా యని యడుగగా ఔనని కొట్టెను.

ఇక్కడ నొక సూక్ష్మమును గమనింపవలెను. దయ్యము తనంతట తా నేమియు పలుకలేదు. మాటలన్నియు అడిగినవారివి; దానిది ఔను కాదు అను తట్టు మాత్రమే. 'నీకు విషము పెట్టిరా?' యని యొకడడిగి, ఒక తట్టు విని, 'విషము పెట్టిరని దయ్యము చెప్పినది' అని వీధిలో చాటినచో, ఆ నేరము మోపినది దయ్యమా, ప్రశ్న వేసినవాడా? సాక్షి నోటిలో ముందుగానే మాట పెట్టి యడుగరాదని న్యాయస్థానములలో నియమ మేల యున్నదో దీనివలన తెలియును.

ఈ వార్త పత్రికలకెక్కెను. కెంటు దానిని చదివి నిశ్చేష్టుడై, తానే స్వయముగా ఆ యింటికి వచ్చెను. చీకటి గదిలో, పరుల నడుమ నిలుచుండి, తాను ప్రేమించిన స్త్రీ పేరిట తన్ను ఉరి తీయుమని చెప్పు తట్టును అతడు చెవులార వినవలసివచ్చెను. అది యబద్ధములాడు పిశాచమని యతడు కేక వేసెను. కాని యెవరు విందురు? వినవచ్చినవారు అతని మాట వినుటకు రాలేదు.

అంతట కాక్ లేను సందు నగరమునకెల్ల వినోదస్థలమయ్యెను. హొరేసు వాల్పోలు అను ప్రసిద్ధ లేఖకుడు జనవరి చివర నొక రాత్రి అచటికి పోయి, తన మిత్రున కొక జాబులో ఆ సంగతి వర్ణించెను. రాజుగారి తమ్ముడైన యార్కు ప్రభువు, గొప్ప వంశముల స్త్రీలిరువురు, మఱియొక ప్రభువు, వాల్పోలు — వీరు సంగీత నాటకము చూచి, దుస్తులు మార్చుకొని, ఒక్క బాడుగబండిలో నిఱికికొని బయలుదేరిరి. జోరున వర్షము కురియుచుండెను. అయినను సందు నిండ జనము. ఇంటిలో కాలూన చోటు లేదు. వచ్చినవాడు రాజసోదరుడని తెలిసినపిమ్మట గాని దారి దొరకలేదు. ఆ చిన్న గదిలో నొక్క క్రొవ్వువత్తి వెలుగున ఏబదిమంది క్రిక్కిఱిసియుండిరి. వీరు రాత్రి ఒంటిగంటన్నర వఱకు వేచిరి. ఏమియు వినబడలేదు. దయ్యము ఉదయము ఏడు గంటలకు వచ్చునని చెప్పగా, ఆ వేళకు పనివాండ్రును ముసలమ్మలును తప్ప నెవరుందురని వీరు తిరిగివచ్చిరి. చుట్టుప్రక్కల మద్యశాలలవారు మాత్రము ధనము కూడబెట్టుకొనుచున్నారని వాల్పోలు వ్రాసెను.

ఆ జాబులో మఱియొక మాట కలదు. దానిని వాల్పోలు పరిహాసముల నడుమ నొక వాక్యముగా విడిచిపెట్టెను గాని, మాకు మిగిలిన వర్ణన యంతటికంటె నదియే ముఖ్యముగా తోచినది. తాము గదిలో నొకరిమీద నొకరు తూలుచు ఆ పిల్ల మంచముమీద బడితిమనియు, ఆ యుక్కలో, ఆ దుర్గంధములో ఆమెను ఇంచుకించుకగా చంపుచున్నారనియు నతడు వ్రాసెను. ఏబదిమందిలో నొక్కరును ఆ బిడ్డను లేపి వెలుపలి గాలికి గొనిపోయినట్లు లేదు. ప్రభువులు వచ్చిరి, పురోహితులు వచ్చిరి, పత్రికలవారు వచ్చిరి. అందఱును దయ్యము కొఱకు వచ్చినవారే. మంచముమీదనున్న పిల్ల కొఱకు వచ్చినవా రొకరును లేరు.

తుదకు విచారణ చేయవలెనను తలంపు కలిగెను. క్లర్కెన్‌వెల్లు మతాచార్యుడగు ఆల్డ్రిచ్చి తన యింట నొక సంఘమును సమావేశపఱచెను. నిఘంటుకర్తయైన డాక్టరు సామ్యూలు జాన్సను, కపట మహిమలను బయలుపెట్టుటలో పేరుగాంచిన జాను డగ్లసు, డార్ట్‌మతు ప్రభువు, ఒక వైద్యుడు, ఒక ఆసుపత్రి పర్యవేక్షకురాలు అందు చేరిరి. 1762 ఫిబ్రవరి 1వ తేదీ రాత్రి ఆ పిల్లను స్త్రీలచేత పరీక్ష చేయించి పండుకొనబెట్టిరి. చేతులు దుప్పటిపైన నుంచుకొమ్మనగా శబ్దములు నిలిచిపోయెను. సెయింటు జాను నేలమాళిగలోని తన పేటికమీద కొట్టెదనని దయ్యము ముందే మాట యిచ్చియుండెను. కావున రాత్రి ఒంటిగంట ప్రాంతమున వీరందఱును దీపములతో నచటికి పోయి, కొందఱు లోనికి దిగి, ఇచ్చిన మాట నిలుపుకొమ్మని దయ్యమును పిలిచిరి. నిశ్శబ్దము తప్ప మఱేమియు లేదు. ఈ శబ్దములను చేయు నేర్పేదో ఆ పిల్లకు కలదనియు, దీనికి మానుషముకంటె గొప్ప కారణము లేదనియు జాన్సను పత్రికలో ప్రకటించెను.

ఆ పిమ్మట ఎలిజబెత్తును ఇంటినుండి యింటికి త్రిప్పి పరీక్షించిరి. చేతులు కాళ్లు కదలకుండ పట్టుకొన్నపుడు శబ్దములు లేవు. అర్ధగంటలో శబ్దము వినిపింపకున్నచో నిన్నును నీ తలిదండ్రులను చెఱసాలకు పంపుదుమని తుదకు బెదరించిరి. అపు డా పిల్ల ఒక చిన్న కొయ్యముక్కను దుస్తులలో దాచుకొని మంచమెక్కుటను దాసీలు చూచిరి. దానితో మోసము బయటపడెనని అందఱును సంతోషించిరి.

మేము బడిపిల్లలతో చిరకాలముగా మెలగుచున్నవారము. తలిదండ్రులను చెఱలో వేయుదుమని చెప్పి పండ్రెండేండ్ల పిల్లచేత నే పనియైనను చేయింపవచ్చును. ఆ రాత్రి దొరికిన కొయ్యముక్క ఆ రాత్రి మోసమును రుజువు చేయును. మొదటినుండి వచ్చిన శబ్దములన్నియు నెట్లు పుట్టినవో దానివలననే తేలదు. జాన్సను సంఘము చేసిన నిర్ణయము సరియైనదే యని మేము నమ్ముచున్నాము. అయినను సత్యపక్షమున నున్నవారును బిడ్డను బెదరించుటలో అసత్యపక్షమువారికంటె మృదువుగా నుండలేదని చెప్పక తప్పదు. మూఢవిశ్వాసమును ఖండించువారు ఈ సంగతిని మఱవరాదు.

ఇంతలో, శవమును పేటికనుండి తీసివేసిరి గనుకనే దయ్యము కొట్టలేదని యొక వదంతి పుట్టెను. కెంటు కొందఱు సాక్షులతో ఫిబ్రవరి 25వ తేదీన నేలమాళిగలోనికి దిగి, ఆ పేటికను తెఱపించి, ఫానీ దేహమును చూపవలసివచ్చెను. తాను నిరపరాధినని చెప్పుకొనుటకు ఒక మనుష్యునికి ఇంతకంటె దుర్భరమైన పని యుండునా? ఆ పిమ్మట నతడు న్యాయస్థానము నాశ్రయించెను. 1762 జూలై 10వ తేదీన గిల్డుహాలులో ప్రధాన న్యాయాధిపతి మాన్సుఫీల్డు ప్రభువు నెదుట, పార్సన్సు, అతని భార్య, దయ్యమునకు మధ్యవర్తినిగా నుండిన మేరీ ఫ్రేజరు, మతబోధకుడు మూరు, రిచర్డు జేమ్సు అను వర్తకుడు — ఈ యైదుగురు కెంటు ప్రాణము తీయించుటకు కుట్ర చేసిరని విచారణ జరిగెను. అందఱును దోషులని జూరీవారు తేల్చిరి. మూరు, జేమ్సులు కెంటునకు 588 పౌనులు పరిహారమిచ్చి మందలింపుతో బయటపడిరి. పార్సన్సునకు రెండేండ్లు, అతని భార్యకు ఒక యేడు, మేరీకి ఆఱు నెలలు చెఱ. ఇదిగాక మెడయు చేతులును కొయ్యలో బిగించి మూడుమారులు నలుగురిలో నిలువబెట్టు శిక్షయు పార్సన్సునకు విధించిరి.

అట్లు నిలువబెట్టినవారిని జనులు క్రుళ్లిన పండ్లతోను రాళ్లతోను కొట్టుట ఆ కాలపు రివాజు. పార్సన్సును మాత్రమెవరును కొట్టలేదు; పైగా చందా పోగుచేసి యిచ్చిరి. తీర్పు వచ్చినను గోష్ఠిలో కూర్చున్నవారి మనసు మారలేదన్నమాట. తాము రాత్రులు మేలుకొని విన్న దానిని అబద్ధమని యొప్పుకొనుటకంటె, మోసగానిని అమాయకుడని యెంచుట వారికి సులభమయ్యెను. ఆ యేడే హోగార్తు ఈ వెఱ్ఱిని పరిహసించుచు చిత్రము ప్రకటించెను. చార్లెసు చర్చిలు అను కవియో, దయ్యమును విచారింపబోయిన జాన్సనునే పరిహసించెను. విచారించినవాడును నవ్వులపాలగుట యెల్లకాలముల నున్నదే.

కాక్ లేను కథ యంతటితో ముగిసినను, దాని పద్ధతి ముగియలేదు. 1848 మార్చి 31వ తేదీన అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి హైడ్స్‌విల్లు గ్రామమున, ఫాక్సు అనువారి యింటిలో, మరల ఆడుపిల్లల చెంతనే తట్టు చప్పుడు పుట్టెను. మరల ప్రశ్నలు, మరల తట్టులు. తాను ఆ యింట చంపబడిన యొక తిరుగు వర్తకుడనని దయ్యము చెప్పినదనిరి. వెంటనే ఆ యింట పూర్వము కాపురమున్న యొకనిపై జనుల యనుమానము ప్రసరించెను. 1849 నవంబరు 14వ తేదీన రోచెస్టరు నగరమున కొరింథియను హాలులో ఇరువదియైదు సెంట్లు టిక్కెట్టు పెట్టగా సుమారు నన్నూఱుమంది కొనుక్కొని వచ్చిరి. ఇట్లు సందులోని గుంపు సభామందిరములోని ప్రేక్షకసంఘమయ్యెను. నలుబది యేండ్ల పిమ్మట, 1888 అక్టోబరు 21వ తేదీన, ఆ సోదరీమణులలో నొకతె న్యూయార్కు రంగస్థలముమీద నిలిచి, ఆ శబ్దములు తాము కాలివ్రేళ్ల కీళ్లతో చేసినవే యని చేసి చూపెను. మరుసటి యేడు ఆ మాటను ఉపసంహరించుకొనెను గాని, చేసి చూపినది చేసి చూపినట్లే నిలిచినది.

చదువుకొన్నవారును ఇట్టి గోష్ఠుల నేర్పఱచుకొనిరి. లండనులో 1862లో స్థాపితమైన దయ్యముల క్లబ్బు కొంతకాల మణగి, 1882లో తిరిగి లేచెను. కవి యేట్సు అందు 1911లో సభ్యుడయ్యెను. గతించిన సభ్యులును సభ్యులే యని యెంచి, యేటేట నవంబరు 2వ తేదీన వారి పేర్లను పిలుచు నాచారము ఆ క్లబ్బున నుండెను. అది 1936లో మూతపడి, 1938లో విందుల సంఘముగా పునరుద్ధరింపబడెను. స్త్రీలకు ప్రవేశము అప్పుడే కలిగెను. ఆ 1882లోనే ఇట్టి విషయములను శాస్త్రీయముగా పరీక్షించుటకు మఱియొక సంఘము లండనులో పుట్టెను. అది పంపిన హాడ్జ్‌సను 1884 డిసెంబరులో మన మద్రాసు అడయారునకు వచ్చి, దివ్యజ్ఞాన సమాజ భవనమున జరిగినవని చెప్పబడిన మహిమలను పరీక్షించి, అవి కపటములని 1885లో నివేదించెను. ఆ సమాజ స్థాపకులు 1882లో బకింగుహాము కాలువ మీదుగా పడవలో నెల్లూరు, గుంటూరులకు వచ్చినవారగుటచే, ఈ వివాదము మన తెలుగువారికి పొరుగింటి సంగతియే. ఆ నివేదికలోని విచారణ పద్ధతిని ఖండించు వ్యాసమును ఆ పరీక్షక సంఘమే 1986లో తన పత్రికలో ప్రకటించినది. సాక్షిని మాత్రమే కాదు, విచారణకర్తను సైతము ప్రశ్నించుచుండుట మంచి యాచారము.

దయ్యము ముందా గోష్ఠి ముందా యను సందేహమునకు కెనడాలోని టొరంటో నగరమున 1972లో కొందఱు వింతయైన మార్గమున సమాధానము వెదకిరి. ఎనమండుగురు చేరి, 17వ శతాబ్దమునందున్నట్టు ఫిలిప్పు అను నొక మనుష్యుని కల్పించి, అతనికి భార్యను, ప్రియురాలిని, దుఃఖమును, మరణమును తామే వ్రాసిపెట్టిరి. అట్టివాడెన్నడును పుట్టలేదని వారందఱకును తెలియును. బల్లచుట్టు కూర్చుండి యొక యేడు ధ్యానించినను ఏమియు రాలేదు. పిమ్మట పాటలు పాడుచు, పరిహాసములాడుచు కూర్చుండసాగిరి. అంతట బల్లలో తట్టు పుట్టెను! ఔననుటకు ఒకటి, కాదనుటకు రెండు. పుట్టనివాడు తన చరిత్ర నంతయు, అనగా వారు వ్రాసిన చరిత్రనే, ఒప్పుకొనెను. బల్లమీద చేతులుంచిన మనుష్యులు తమకు తెలియకయే త్రోపుడు కలిగింతురని ఫారడే 1853లోనే పరీక్షచేసి చూపెను. మోసగాడు లేకున్నను గోష్ఠి తనంతట తానే దయ్యమును కనగలదు.

పాడుపడిన స్థలములకు స్వతస్సిద్ధముగా కొంత శక్తి లేదని మేము చెప్పము. కాని యా శక్తి చచ్చినవారిది కాదు. ఇంగ్లండులో టాండీ యను పరిశోధకుడు 1998లో ప్రకటించిన వ్యాసములో, తన పనిగదిలో కలిగిన వణకును, కంటి కొసను కనబడిన బూడిదవన్నె ఆకృతిని, సెకనుకు సుమారు 19 కంపనములు గల, చెవికి వినబడని ధ్వనికి ముడిపెట్టెను. అది యొక విసనయంత్రమునుండి పుట్టినది. ఎడింబరో వారధి గదులలోను, హాంప్టను కోర్టు రాజగృహములోను వైజ్‌మను ప్రభృతులు జరిపిన పరీక్షల ఫలితము 2003లో వెలువడినది. దయ్యములున్నవని పేరుపడిన గదులలోనే జనులకు వింత యనుభవములు హెచ్చుగా కలిగినవి. ఏ గదికి పేరున్నదో ముందు తెలియనివారికిని అట్లే కలిగినవి. వెలుతురు, గది పరిమాణము, కప్పు ఎత్తు మొదలగు వానితో అవి సంబంధించియున్నట్లు వారు కనుగొనిరి. ఏ యొక్క కారణమును అన్నిచోటుల చాలదు. అయినను గదిని కొలిచినవారికి దొరికిన యీ కొంచెపు సమాధానము, గదిలో ప్రశ్నలడిగి తట్టులు లెక్కించినవారికి దొరకలేదు.

కాబట్టి వణకు పుట్టినదని చెప్పువానిని మేము పరిహసింపము. వణకు నిజము, దానికి మనమిచ్చు అర్థము మాత్రమే విచారింపదగినది. మన పల్లెలలో నొక బిడ్డకు జ్వరము వచ్చినపుడును, ఒక గొడ్డు చచ్చినపుడును, ఎవరో చేతబడి చేసిరని, బాణామతి పెట్టిరని నలుగురు కూడి యొక పేరు పలుకుటయు, ఆ పేరుగలవారిని కొట్టుటయు, చంపుటయు మన కాలమునను వినుచునే యున్నాము. ఆ పేరు తఱచుగా నే దిక్కును లేని ముసలిదానిదో, భూమి తగవులో నున్న పొరుగువానిదో యగుట యాదృచ్ఛికము కాదు. కాక్ లేనులో పలికిన పేరు బాకీ యడిగినవానిది. కావున దయ్యము మాటాడినదని విన్నపుడు గృహస్థులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: దానికి బదులుగా మాటాడినవారెవరు? అది పలికిన పేరెవరిది? ఆ పేరువానికి కీడు కలిగినచో మేలెవరికి?

నాల్గవ ప్రశ్న యొకటి కలదు. అది మనలను మనము వేసికొనవలసినది. ఆ దయ్యము పుట్టుటకు మన మేమి తావిచ్చితిమి? భార్య తోబుట్టువును పెండ్లాడుట పాపము కాదని ఆ శాసనము 1759లోనే చెప్పియుండినచో, ఫానీ తన పేరు దాచుకొనవలసిన పని లేదు. ఆమె పేటికపై పేరుపలక యుండెడిది. రహస్యము లేనిచోట వదంతికి కాలూన చోటుండెడిది కాదు. సంఘము బ్రతికినవారిని దాగియుండునట్లు చేసినచో, చచ్చినవారు తిరుగుచున్నట్లు కనబడుట వింత కాదు. వితంతువులను, దిక్కులేనివారిని మన మెన్ని చీకటి గదులలో నుంచితిమో, అన్ని గదులకును దయ్యముల పేరు వచ్చినది.

ఫానీని చంపినది పాషాణము కాదు, మశూచికము. ఆమె మరణించిన ముప్పదియాఱేండ్లకు, 1796లో, జెన్నరు టీకా వేయు పద్ధతి కనిపెట్టెను. ఆ వ్యాధి భూమిపై లేకుండ పోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. ఆమె యెట్లు చచ్చెనో తెలిసికొనుటకు నిజముగా పూనుకొన్నవారు ఆ పని చేసిరి. కాక్ లేను గదిలో చేరినవా రామె నడిగిన ప్రశ్నలు వేలు; ఆమె తరపున తామే చెప్పిన సమాధానములు వేలు. బ్రతికియున్నపుడు ఆమె మాటాడిన మాట యొక్కటియైన వారిలో నెవరికిని అక్కఱలేకపోయెను.

మొన్న సాయంకాలము ఆ పాడింటియొద్ద బాలురు మరల గుమిగూడియుండిరి. ఈ మారు మేము నవ్వి యూరకుండలేదు. ఈ యింట నెవరుండెడివారో యెఱుగుదురా యని యడిగితిమి. ఎవరికిని తెలియదు. పోయి మీ యిండ్లలోని పెద్దల నడిగి, రేపు వచ్చి చెప్పుడంటిమి. మరునాడు ఇద్దఱు వచ్చి చెప్పిరి. ఆ యింటివారి పేర్లును, వారి కష్టములును విన్న పిమ్మట, ఆ పిల్లలలో నెవడును ఆ తలుపు మీద రాయి వేయలేదు.